అత్తగారి కుక్క

మంగళగిరిలో ఎవరో కోడలు పట్టపగలు అత్తగారి కుక్కను ఎత్తుకుని పారిపోయిందట. మొగుడు కండువా నడుముకి బిగించి బస్టాండంతా గాలిస్తున్నాడట. అత్తేమో తలుపేసుకుని ఒకటే ఏడుపట, వీధి చివరికి వినపడుతోందట. "మనిషి పోయినా అంత ఏడవరండీ, కుక్క కోసం!" అంది తెరేసమ్మ. ఆమెకి ఈ సంగతి ఫోన్లో చెప్పింది ఆమె ఆడపడుచు. ఆ ఆడపడుచుకి చెప్పింది పక్కింటావిడ.

తెరేసమ్మ భవానీపురంలో ఆడవాళ్ళు తలదాచుకునే హోమ్‌లో వంటమనిషి. వింటున్నది వార్డెన్ రాజ్యలక్ష్మి.

"బంగారం ఎత్తుకుపోయిందంటే అర్థముంది. కుక్కేంటే?" అని ఆమె నవ్వుతుండగానే గేటు చప్పుడైంది.

వెళ్ళి చూస్తే అవతల ఒక పిల్ల. చెంప కమిలి ఉంది. చంకలో నల్లకుక్క.

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

"పేరేంటమ్మా?"

"ప్రత్యూషండీ. ఇది కండె."

నూలు చుట్టిన కండెలాగే సన్నగా ఉంది కుక్క. వెనక కాలొకటి విరిగి, వంకరగా అతుక్కుంది.

"నువ్వు లోపలికి రా. కుక్క మాత్రం కుదరదు. హోమ్ రూలు."

"ఇది బయటుంటే నేనూ బయటేనండీ."

"నీ ప్రాణం మీదికొస్తే కుక్క గొడవేంటే తల్లీ?" అంది తెరేసమ్మ.

"పోయినసారి దీన్ని వదిలేసి పామర్రులో మా అమ్మ దగ్గరికి వెళ్ళానండీ. ఆయన దీని కాలు విరగ్గొట్టి, ఇది అరుస్తుంటే వీడియో తీసి పంపాడు. నువ్వొచ్చేదాకా రోజుకో కాలు అన్నాడు. సాయంత్రం బస్సుకే వెనక్కి వెళ్ళిపోయా."

ఇదే గేటు దగ్గరికి వచ్చి, ఇంట్లో వదిలొచ్చిన లేగదూడ కోసం వెనక్కి వెళ్ళినావిడ రాజ్యలక్ష్మికి గుర్తుంది. మళ్ళీ ఆవిడ కబురు తెలిసింది పేపర్లోనే.

ఆమె తాళం తీసింది.

"కమిటీ వాళ్ళొస్తే ఏం చెప్తారండీ?" అని గొణిగింది తెరేసమ్మ.

"పెంపుడు జంతువుల్ని లోపలికి రానివ్వద్దన్నారు. గేటు దగ్గర కాపలా కుక్క ఉండకూడదని ఎవరూ అన్లేదుగా! వాచ్‌మన్ని ఇవ్వండి బాబూ అని ఏడాదిగా మొత్తుకుంటున్నా. ఇదిగో, వచ్చాడు."

"వచ్చింది అనండి. ఆడకుక్కండీ," అంది ప్రత్యూష.

"మరీ మంచిది. మనది ఆడవాళ్ళ హోమేగా!"

గేటు పక్క రేకుల షెడ్డులో గోనెసంచి పరిచారు. కండె దాన్ని వాసన చూసి వదిలేసి, మూలన మట్టి గోకి గుంట చేసుకుని అందులో ముడుచుకుంది.

"మగ్గం గుంటలో పడుకునే అలవాటండీ దీనికి," అంది ప్రత్యూష. "మా అత్తగారు నేస్తుంటే ఆవిడ కాళ్ళ దగ్గరే ఉండేది."

"మీ అత్త ఎలాంటిది?"

"కుక్కతోనే మాట్లాడుద్దండీ, నాతో మాట్లాడదు. ఆయన నన్ను కొడుతుంటే మగ్గం చప్పుడు పెంచుద్ది."

రాజ్యలక్ష్మి వంటింటి వైపు తిరిగింది. "తెరేసమ్మా, ఈ పిల్ల ఇక్కడుందని మీ ఆడపడుచుతో అన్నావో, ఊరుకోను."

"నేనెందుకంటానండీ!" అంది తెరేసమ్మ. అప్పటికే అనేసి ఉంది కాబట్టి కాస్త గట్టిగానే అంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా కండె గొంతు వినపడింది. అరుపు కాదు. కుయ్యి కుయ్యిమంటూ తోకతో గేటుని బాదేస్తోంది. అవతల ఒక పెద్దావిడ నిలబడి ఉంది. కుడిచెయ్యి కొంగు కింద, ఎడమచేతిలో గుడ్డసంచి.

ప్రత్యూష కంచం వదిలేసి తలుపు చాటుకి పోయింది. "మా అత్తగారండీ. కుక్క కోసమొచ్చింది. అది మళ్ళీ ఆయన చేతికి చిక్కితే, వెనకే నేనూ వెళ్ళాల్సిందే."

రాజ్యలక్ష్మి తెరేసమ్మ వైపు చూసింది. తెరేసమ్మ సాంబారు గిన్నెలోకి చూసింది.

రాజ్యలక్ష్మి ఎంగిలి చేత్తోనే గేటు దగ్గరికి నడిచింది. తాళం తియ్యలేదు. సందు ఆ చివర్నించి ఈ చివరి దాకా ఓసారి చూసింది.

"మా కుక్క ఇక్కడుందటగా?" అంది పెద్దావిడ.

"ఉంది. ఇవ్వం. కోడల్నీ పంపం. మీ అబ్బాయి ఎక్కడ నక్కి ఉన్నాడో వెళ్ళి చెప్పండి, పిన్నిగారూ."

"వాడు రాలేదు. నేనిక్కడికొచ్చినట్టు వాడికి తెలీదు."

"నమ్మమంటారు! దాని కాలు విరగ్గొడుతుంటే మీ కుక్కని గుర్తురాలేదా? కోడలు తన్నులు తింటుంటే మగ్గం చప్పుడు పెంచారంట కదా!"

"పెంచాను," అంది పెద్దావిడ తల వంచుకుని.

అంత నేరుగా ఒప్పుకుంటుందని రాజ్యలక్ష్మి అనుకోలేదు. ఇంతలో కండె ఊచల్లోంచి మూతి పెట్టి కొంగు కింద చేతిని నాకబోయింది. "అబ్బా!" అని ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆ సంచిలో ఏంటి? గొలుసా?"

పెద్దావిడ ఎడమచేత్తోనే సంచి నేలమీద పెట్టి, మూతి తెరిచి చూపించింది. రెండు చీరలు, బీపీ మాత్రలు.

"మరి దేనికొచ్చినట్టు?"

"కోడలొచ్చేసింది. కుక్కనీ తెచ్చేసుకుంది," అంది పెద్దావిడ. "ఇంక ఇంట్లో వాడు కొట్టడానికి ఎవరు మిగిలారమ్మా?"