భోజనాల గంట

ఆ పొద్దున ఆకాశం కురవాలా మానాలా తేల్చుకోలేక మూతి ముడుచుకుని కూర్చుంది.

వసపిట్ట మాత్రం ఎప్పుడో తేల్చుకుంది. కొత్త జోళ్ళు కరుస్తున్నా లెక్కచేయకుండా ట్రంకుపెట్టెను గుమ్మంలోకి ఈడ్చింది. వసపిట్ట అన్నది వాగుడు ఎక్కువని ఇంట్లో పెట్టిన పేరు.

"ఈసారైనా నోరు అదుపులో పెట్టుకోవే తల్లీ," అంది అమ్మ. "ఏడో తరగతిలో నిన్ను గెంటేసినప్పుడు మీ నాన్న నెల్లాళ్ళు గడప దాటలేదు."

"నేనేం తప్పు చేశానమ్మా? పక్కపిల్ల ఏడుస్తుంటే ఏమైందే అన్నాను. అంతేగా!"

"భోజనాల దగ్గర అన్నావుగా!"

సిస్టర్లు నడిపే ఆ ఆడపిల్లల బడిలో అదే పెద్ద నేరం. ప్రార్థన అయ్యి కంచాల ముందు కూర్చున్నాక, ఇత్తడి గంట మోగేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. ఉప్పు కావాలంటే రెండు వేళ్ళు ఎత్తాలి. నీళ్ళు కావాలంటే బొటనవేలు. ఏడుపొస్తే ఎత్తడానికి మాత్రం ఏ వేలూ లేదు.

"ఇన్ని బళ్ళుండగా మళ్ళీ అక్కడికే ఎందుకే?"

"నన్ను గెంటిన గుమ్మంలోంచే లోపలికెళ్ళాలి. అందుకే."

అన్నయ్య పాలబండిలో క్యాన్లు పక్కకు జరిపి పెట్టెకు చోటు చేశాడు.

"దీని పరుపు చుట్టెయ్యకమ్మా! సాయంత్రం పాలు పోసి వచ్చేటప్పుడు వెనక్కి తెచ్చేస్తాగా."

"నీ మొహం. బండి తియ్."

దారిపొడవునా ఖాళీ క్యాన్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటూనే ఉన్నాయి. వసపిట్ట మాత్రం ఒక్కమాట మాట్లాడలేదు. అన్నయ్యకు అందుకే భయం వేసింది. అది నోరు మూసుకుందంటే ఏదో తలపెట్టిందన్నమాటే.

బడి ఏమీ మారలేదు. గేటు పక్కన అదే మరియమ్మ విగ్రహం, కడిగిన వరండాల్లో అదే ఫినాయిలు వాసన. కొత్త పిల్లలు తల్లుల కొంగులు వదలడం లేదు. పాత పిల్లలు సెలవుల కబుర్లన్నీ భోజనాల వేళలోపే అయిపోవాలన్నట్టు గబగబా చెప్పుకుంటున్నారు.

భోజనాల హాలు తలుపు దగ్గర పెద్ద సిస్టర్ నిలబడి ఉంది. నడుము వంగింది గానీ, చూపు వంగలేదు. నడుముకు అదే తాళాల గుత్తి. ఆనాడు పెట్టె బయట పెట్టించింది ఆవిడే.

"వచ్చావా?"

"వచ్చాను సిస్టర్."

"నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కుతావనుకోలేదు."

"నేనూ అనుకోలేదు. సిస్టర్, తినేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఏం పోతుంది?"

"ఇదిగో, కాలు పెట్టీ పెట్టకముందే మొదలెట్టావు!" తలుపు పక్క బల్ల మీదున్న గంటను చూపించింది సిస్టర్. "ఆ గంట అక్కడ ఉన్నంత కాలం ఈ నియమం ఉంటుంది. నీకోసం మారదు."

"గంట ఉన్నంత కాలమేనా?"

"అంతే."

సిస్టర్ తాళాలు గలగలలాడించుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. వసపిట్ట అటూ ఇటూ చూసింది. చేతిరుమాలు గంట నాలుకకు చుట్టింది. గంట చడీచప్పుడు లేకుండా సంచిలోకి పోయింది.

మధ్యాహ్నం ప్రార్థన అయింది. బెంచీలు కిర్రుమన్నాయి. వసపిట్ట తన చోట కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది. కంచాలు నిండాయి. ఒక మూల కొత్తపిల్ల ఒకతి ముక్కు ఎగబీలుస్తోంది. పక్కనున్నవాళ్ళు ఆ పిల్ల వైపు చూసి, కళ్ళు దించేసుకున్నారు.

అప్పుడు చూసింది సిస్టర్, ఖాళీ బల్లను.

"గంట ఏది?"

సిస్టర్ బెంచీల వరసలన్నీ చూపుతో గాలించింది.

"పొద్దున ఈ బల్ల తుడిచిందెవరు?"

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచింది.

"నేను తీయలేదు సిస్టర్. నేను తుడిచినప్పుడు ఇక్కడే ఉంది."

"బల్ల తుడిచింది నువ్వు, గంట తీసింది గాలా? దొంగతనం పైన అబద్ధం కూడానా! పో, పెట్టె సర్దుకో. మీ వాళ్ళకు కబురు పెడతాను."

"సిస్టర్, మా నాన్న చంపేస్తాడు సిస్టర్..."

వసపిట్ట చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇదే హాలు. ఇవే మాటలు. ఆనాడు తనవైపు లేచి నిలబడినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఇప్పుడు తను కూడా కూర్చుండిపోతే, ఈ గుమ్మంలోంచి మళ్ళీ లోపలికి వచ్చి ఏం లాభం?

లేచి నిలబడింది.

"ఆ పిల్లను వదిలెయ్యండి. గంట తీసింది నేను."

సంచిలోంచి గంట బయటికొచ్చింది. చుట్టిన రుమాలు ఇంకా విప్పనేలేదు.

సిస్టర్ ముఖం కందగడ్డ అయింది.

"మళ్ళీ నువ్వేనా! ఈ బడిలో నీకు చోటు లేదని ఆ రోజే అన్నాను. ఇప్పుడు నిన్ను ఏం చెయ్యను?"

"ఇంటికి పంపించండి సిస్టర్, పంపగలిగితే."

"ఎందుకు చేశావీ పని?"

"గంట ఉన్నంత కాలమే నియమం అన్నారుగా. ఒకతి ఏడుస్తుంటే ఇంకొకతి ఏమైందే అని అడగాలి సిస్టర్. దానికి వేలెత్తితే చాలదు."

సిస్టర్ తాళాల గుత్తిని గట్టిగా పట్టుకుంది.

వసపిట్ట రుమాలు విప్పింది. గంటను గణగణా మోగించింది. తొమ్మిదో తరగతి పిల్ల కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

గంట మోగింది కాబట్టి ఇక ఎవరైనా మాట్లాడుకోవచ్చు. అయినా ఆ పూట బడి బడంతా కిమ్మనకుండానే తిన్నది, వేదిక మీద, కొత్త ప్రిన్సిపాలుగా తన కుర్చీలో తిరిగి కూర్చుని ముద్ద కలుపుకుంటున్న ఆ గంటదొంగ వైపే గుడ్లప్పగించి చూస్తూ.