చింతపండుతో తోమిన గొట్టాలు

నా బావమరిది త్రికోటేశ్వరరావు చచ్చినా నేను వాడి గడప తొక్కను.

ఆయుధపూజ నాడు పొద్దున్నే వెళ్లేసరికి, మా సున్నపు బట్టీ ముందు తడి టార్పాలిన్ మీద గొట్టాలన్నీ కడిగి ఆరబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి పసుపు, కుంకుమ బొట్లు.

బట్టీ పొగలోంచి సోడాల్లో నింపే గ్యాసును వేరుచేసి అమ్ముకోవచ్చని కంపెనీవాళ్లు చెప్పారు. అందుకే ఈ గొట్టాలు. మట్టిరంగు గొట్టం మీద తెల్లటి స్ఫటికాల పొర, దాన్నిండా కంటికి కనపడని రంధ్రాలు. కావలసిన గ్యాసే వాటిలోంచి దూరుతుందట.

ఏడో తరగతిలో బడి మానేసిన వాణ్ని. నాకు ఎక్కలేదు.

"జల్లెడ అనుకోండి సార్" అంది కంపెనీ ఇంజనీరు ఫిర్దౌస్.

జల్లెడ ఎక్కింది. గురజాల రోడ్డులో ఉన్న చేను అమ్మి ఈ గొట్టాలు కొన్నాను.

ముందురోజు సాయంత్రం ఫిర్దౌస్ పెట్టె విప్పి చూపించి, తను వచ్చి బిగించేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దని చెప్పి వెళ్లింది.

"చూడు బావా, ఒక్కటి గూడా వదల్లా!" త్రికోటేశ్వరరావు మొలకు తువ్వాలు చుట్టుకుని నవ్వుతున్నాడు. "కొత్త మిషను పూజ లేకుండా బిగిస్తారా ఎవరన్నా?"

పసుపు సందుల్లోంచి మట్టిరంగు కనిపిస్తోంది.

"తెలుపేదిరా?"

"ఏంది, ఆ సున్నప్పొడా? మన బట్టీలో ఏ సామాను చూసినా అంతేగా. నీళ్లకి పోలా. చింతపండేసి కొబ్బరిపీచుతో తోమించా. చానా మొండిది, దాని తస్సాదియ్యా. అప్పుడు దిగింది."

నేను ఆ తడి టార్పాలిన్ మీదే కూర్చున్నాను. పంచె తడుస్తోందని తెలుస్తూనే ఉంది.

ఫిర్దౌస్ వచ్చింది. స్కూటీ స్టాండు కూడా వెయ్యలేదు, గోడకు ఆనించి వచ్చింది.

ఒక గొట్టం తీసుకుంది. చున్నీతో పసుపు తుడిచింది. గోటితో గీకి చూసింది.

"చెయ్యి పెట్టొద్దన్నాను కదా?"

"పెట్టలేదమ్మాయ్. పీచుతోనే!" అన్నాడు వాడు.

ఆ అమ్మాయి ఇంకో గొట్టం తీసింది. ఇంకోటి. తర్వాత తియ్యడం మానేసింది.

"మళ్లీ పొర వేయించలేమా అమ్మా?" అన్నాను.

"ఇక ఇవి ఉత్త గొట్టాలే సార్. ఈ పక్క పొగ పంపితే ఆ పక్కకి పొగే వస్తది."

"గ్యారంటీ..."

తల అడ్డంగా ఊపింది.

వాడి మొహంలో నవ్వు అప్పటికి ఆగింది.

"అది సున్నం గాదా బావా?"



కడిగిన నీళ్లు టార్పాలిన్ అంచు మీంచి మురిక్కాలవలోకి ఇంకా జారుతున్నాయి. అడుగున తెల్లటి గసి.

రెండెకరాల డెబ్బై సెంట్ల చేను.