చెడిపోయిన యాంటీబాడీ

పరీక్ష పొర మీద రెండు చోట్లా గీత పడలేదు.

రోజారమణి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. మొదటి వరస ఖాజా కూతురు ఫిజాది. పదకొండేళ్ళ పిల్ల, నడుస్తూ నడుస్తూ తూలిపోతోంది. అక్కడ గీత పడకపోతే జబ్బు ఉన్నట్టు. రెండో వరస ఏ జబ్బూ లేని మరో పిల్లది. అక్కడ మాత్రం గీత పడి తీరాలి.

సీతమ్మధారలోని ఆ ల్యాబులో పద్నాలుగేళ్ళుగా ఆవిడ పని ఇదే. మనిషి ఒంట్లోని కణాల్లో మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయి. అవి సరిగ్గా మండాలంటే ఒక ప్రోటీన్ కావాలి. అది ఉందో లేదో వెతికి పట్టుకునేదే ఈ యాంటీబాడీ. ఉంటే నల్ల గీత, లేకపోతే ఖాళీ. పరీక్ష ఎప్పుడు చేసినా, పేషెంటు రక్తం పక్కన అదే వయసున్న ఆరోగ్యవంతుల రక్తం కూడా పెట్టాలి. స్టాఫే ఎవరినో ఒకరిని బతిమాలి తెస్తారు. ఆ ట్యూబు మీద పేరుండదు. ‘నార్మల్’ అని రాస్తారు, అంతే.

నార్మల్‌కే గీత రాలేదంటే తప్పు యాంటీబాడీది. అందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేమీ లేదు.

వరండాలో ఖాజా లేచి నిలబడ్డాడు. పూర్ణామార్కెట్ దగ్గర చెప్పుల కొట్టు ఆయనది.

“రిజల్టు తేలలేదు ఖాజా గారూ. మందు చెడిపోయినట్టుంది. కొత్తది తెప్పించి మళ్ళీ చేస్తాం.”

“మందు సెడిపోతే మనకి మంచిదేనా మేడమ్?”

“మంచిదే. ఏదీ ఖాయం కాలేదన్నమాట.”

ఆయన మొహం కాస్త తెరిపిన పడింది. మళ్ళీ కూర్చున్నాడు.

“డాక్టరు కంటే ముందు నాకే అనుమానమొచ్చింది మేడమ్. నడక సూసి కాదు, బూట్లు సూసి. కొత్త బూట్లు మూణ్ణెల్లు తిరక్కుండానే ఒక పక్కే అరిగిపోతన్నాయి. సెప్పులోడ్ని గదా, నా కన్ను అక్కడికే పోద్ది.”

రోజారమణి గబుక్కున వెనక్కి తిరిగింది. లోపలికొచ్చి ఫారం నింపుతూ తేదీ తప్పు రాసింది.

ఆ రోజు నుంచి ఆవిడ యాంటీబాడీ మీద పగబట్టింది. కొరియర్ కుర్రాడు ఐసు పెట్టెను ఎండలో పడేశాడంది. మొన్నటి గాలివానకి కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయిందంది. తయారైన చోటే తేడా ఉండొచ్చంది. ల్యాబు పెద్ద శ్రీరామ్మూర్తి మంచివాడే గానీ మాట పెడసరం.

“పిల్ల తండ్రి కంటే నువ్వే ఎక్కువ వకాల్తా పుచ్చుకున్నావేమ్మా,” అన్నాడు. అంటూనే ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

కొత్త సీసా తొమ్మిది రోజులకి వచ్చింది. రోజారమణి తనే కిందికి దిగి పెట్టె అందుకుంది. ఐసు గడ్డలు గడ్డలుగానే ఉంది. అయినా ఆవిడకి సంతోషం కలగలేదు.

ఈ తొమ్మిది రోజులూ ఖాజా కొట్టు తెరిచే ముందు ఒకసారి వచ్చి కనుక్కుని పోతూనే ఉన్నాడు.

“రోజూ నమాజులో అదొక్కటే అడుగుతన్నాను మేడమ్. ఆ మందు సెడిపోయుండాలని. నవ్వుతారేటి?”

“నవ్వను,” అంది. కనకమహాలక్ష్మికి ఆవిడా అదే మొక్కుకుంటోంది.

రెండోసారీ రెండు చోట్లా ఖాళీయే.

“ఇదీ చెడిపోయిందే సార్.”

“రెండు సీసాలూ చెడిపోతాయా? ఇక నీ నార్మల్‌ని అనుమానించాలి మనం.”

“ఆ పిల్ల శుభ్రంగా తిరుగుతోంది సార్. మొన్న స్కూల్లో డాన్సు కూడా చేసింది.”

శ్రీరామ్మూర్తి వాదించలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టాడు. “నాది తియ్యి. షుగరుంది, బీపీ ఉంది. తూలడం మాత్రం లేదు.”

మూడోసారి మూడు వరసలు. మొదటిది ఖాళీ. రెండోది ఖాళీ. మూడో చోట, కాటుకతో దిద్దినట్టు, నల్లటి గీత.

యాంటీబాడీ నిక్షేపంలా ఉంది. మొదటి సీసా కూడా బాగానే ఉండి ఉంటుంది.

“ఎవరి పిల్లో పాపం,” అన్నాడు శ్రీరామ్మూర్తి. ఎవరిదో ఎవరూ అడక్కూడదన్నది ఆయన పెట్టిన రూలే. “ఇంట్లో వాళ్ళకి కబురు చెప్పాలమ్మా.”

రోజారమణి తలూపింది. చేతులు కడుక్కుంది. కడిగిన సంగతి మర్చిపోయి మళ్ళీ కడుక్కుని వరండాలోకి వచ్చింది. ఖాజా ఆవిడ మొహం చూసి ఈసారి లేవలేదు.

“మందు బాగుందా మేడమ్?”

“బాగుంది.”

ఆయన ఒళ్ళో కొత్త బూట్ల పెట్టె ఉంది. మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

“మరి నయం సేసే మందు?”

“ఇంకా రాలేదు ఖాజా గారూ.”

దూరంగా పోర్టులో ఏదో ఓడ కూత పెట్టింది. అంత దుఃఖంలోనూ ఖాజాకి ఒక సంగతి గుర్తొచ్చింది.

“ఆ రెండో పిల్లో? ఏ జబ్బూ లేదన్నారు గదా. ఆ పిల్లకీ గీత పడలేదా?”

“పడలేదు.”

“యా అల్లా. ఆళ్ళమ్మకి ఎవులు సెప్తారు మేడమ్?”

రోజారమణి ఆయన పక్కనే బెంచీ మీద కూలబడింది.

“ఎవులూ సెప్పక్కర్లేదన్నా, ఆళ్ళమ్మని నానే.”