మబ్బు పట్నంలో కొలువు

రేవుకి బట్టల మూటలు మోసే గాడిదకి దూరాన ఓ పట్నం నుంచి పిలుపొచ్చింది. పని అదే, మేత మాత్రం రెట్టింపు.

"వెళ్ళకు బావా," అంది ఆ పట్నం చూసొచ్చిన కాకి. "అక్కడ ఎప్పుడూ మబ్బే. నెలల తరబడి ఎండ మొహం కనబడదు. దిగులుతో చస్తావు."

గాడిద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "దిగులు పడ్డానికి నేనేమైనా కవినా? ఇక్కడ ఎండకి నా వీపు పెనంలా కాలుతోంది. మబ్బంటే నాకు గొడుగే!"

వెళ్ళింది. మొదటిరోజు చల్లగాలిలో మాసిన బట్టలు మోస్తూ, కూనిరాగం తీస్తూ రేవుకి చేరింది. కొత్త యజమాని వాటిని ఉతికి ఆరేశాడు. సాయంత్రమైనా ఒక్క చొక్కా ఆరలేదు. చూసి చూసి, ఆ తడి బట్టలే మూటకట్టి గాడిద మీద వేశాడు. పొద్దున మోసిన బట్టలే, కానీ ఇప్పుడు నాలుగు కాళ్ళూ వంగిపోయాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నెల తర్వాత కాకి వచ్చి, నీళ్ళు కారుతున్న మూట మీద వాలింది. "మబ్బెలా ఉంది బావా?"

"ఎలా ఉండటమేంటి?" గాడిద రొప్పింది. "మొత్తం నా వీపు మీదే ఉంది. ముందు నువ్వు లే!"