వెయ్యి గ్రహాలు

“ఈమధ్య నువ్వు ఆడిన గేమ్ ఏంది? అందుల తప్పేంది?” అని అడిగాడు ఐలయ్య.

రాఘవేందర్‌కి ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా పుండు మీదే వేలు పెట్టాడు మనిషి!

అమీర్‌పేటలో, మూడో అంతస్తులో, చక్రపాణి గారి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నేర్పే ఇన్‌స్టిట్యూట్ అది. ప్రతి శనివారం అక్కడ మాక్ ఇంటర్వ్యూలు, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూలు జరుగుతాయి. బ్యాచ్ మొత్తానికీ ఒకటే టై. వంతు వచ్చినవాడు దాన్ని మెడకు తగిలించుకుని ఐలయ్య ముందు కూర్చోవాలి.

ఈ ఐలయ్య ఎక్కణ్ణించి వచ్చాడో బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. నలభై దాటినవాడు. మధురానగర్‌లో హాస్టల్లో ఉంటాడు. ఉద్యోగం లేదు. ఉద్యోగం లేనివాడు ఉద్యోగం తెచ్చుకోవడం నేర్పుతాడట! పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు.

“లాంగ్ ఆర్బిట్ సార్,” అన్నాడు రాఘవేందర్. “అంతరిక్షంల తిరిగే గేమ్. రెండేండ్లు ఎదురుచూసిన. కోట్లు కుమ్మరించి తీసిండ్రట. వెయ్యి గ్రహాలన్నరు.”

“లేవా?”

“ఎందుకు లేవ్? వెయ్యి ఉన్నయ్. అన్నిట్ల గదే రాయి, గదే షెడ్డు. ఒక గ్రహం మీద దొంగను చంపిన. ఇంకో గ్రహం మీద దిగి నలభై నిమిషాలు నడిస్తే, మళ్ళ గా దొంగే ఎదురొచ్చి గదే డైలాగ్ కొట్టిండు!”

వెనక కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వారు. ఐలయ్య నవ్వలేదు.

“అడిగితే కంపెనోళ్ళు ఏమన్నరు?”

“అంతరిక్షం ఖాళీగనే ఉంటది, మీకు ఆడుడు రాదన్నరు.”

కూరలో ఉప్పు లేదంటే, నీకు తినడం రాదన్నట్టుంది వాళ్ళ జవాబు.

“మా యూసుఫ్‌గూడ గల్లీల ఇంతకన్న మస్తు వింతలుంటయ్ సార్. గదే నా బ్లాగుల రాసిన. గీ గేమ్‌ని పాస్ చేసిన టెస్టర్ నిద్రన్న పోయిండు, అమ్ముడన్న పోయిండు అని సుత రాసిన.”

ఐలయ్య కుర్చీలో ముందుకు వంగాడు. 

“నువ్వైతే ఏం చేస్తుంటివి?”

“ఫెయిల్ అని రాస్తుంటి.”

“మేనేజర్ పాస్ అని రాయమంటే?”

“రాయ.”

“నౌకరి పోతదంటే?”

“పోనియ్!”

ఐలయ్య మార్కుల కాగితం మీద పదికి పది వేశాడు. అంతవరకూ ఆయన చేత ఆరు దాటి వేయించుకున్నవాడు లేడు.

పక్కనే కూర్చుని అంతా విన్న చక్రపాణి గారు ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు.

“ఏంటయ్యా ఇది? సోమవారం సోమాజిగూడలో నీకు అసలు ఇంటర్వ్యూ ఉంది. గేములు టెస్ట్ చేసే కంపెనీ అది. నీ బ్లాగు వాళ్ళ కంట పడిందంటే గేటు దగ్గర్నుంచే పంపేస్తారు. ఇవాళే ఆ రాత తీసెయ్.”

“తియ్యకు తమ్మీ,” అన్నాడు ఐలయ్య మెల్లగా.

తియ్యాలని రాఘవేందర్‌కీ లేదు. కానీ ఇది పదకొండో ఇంటర్వ్యూ. రూమ్‌లో నలుగురుంటే, ముగ్గురు ఇప్పటికే మెడలో ఐడీ కార్డులు వేసుకుని తిరుగుతున్నారు. సోమవారం సంగతి తలచుకుంటే గుండెలో దడ పుట్టింది. ఆ దడ కాస్తా కోపమై ఐలయ్య మీద పడింది.

“నీకేం అన్నా, ఎన్నైనా చెప్తవ్. పోయేది నా నౌకరి. నీకుంటే కద పోనీకి!”

గదిలో అందరూ తలలు దించుకున్నారు.

“అది నిజమే,” అన్నాడు ఐలయ్య. కాగితాలు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆదివారమంతా రాఘవేందర్ నెట్ సెంటర్లో కూర్చున్నాడు. రెండుసార్లు ఆ రాత తీసెయ్యబోయి, రెండుసార్లూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రాసిన దాంట్లో ఒక్క అబద్ధం ఉంటే చెప్పమనండి, ఎందుకు తియ్యాలి?

సోమవారం మేనేజర్ బల్ల మీద ఆ బ్లాగు ప్రింటు తీసి పెట్టి ఉంది.

“తెలివైనవాడివే. రేపే చేరొచ్చు,” అన్నాడు మేనేజర్. “కానీ ఈ గేమ్‌ని టెస్ట్ చేసింది మా ఆఫీసే. ఇది తీసేసి, గేమ్ బాగుందని నాలుగు ముక్కలు రాయి.”

రాఘవేందర్ ఆ ప్రింటును మేనేజర్ వైపు జరిపాడు.

“గీ నౌకరి నాకు మస్తు అవసరం సార్,” అన్నాడు. “గని తియ్య. వెయ్యి గ్రహాలల్ల బాగున్నది ఒక్కటి చూపియ్యుండ్రి, గిప్పుడే తీసేస్త.”

మేనేజర్ ఆ ప్రింటు తీసి సొరుగులో పడేశాడు.

“సరే, నువ్వు వెళ్ళొచ్చు,” అన్నాడు.

రాఘవేందర్‌కి బస్సెక్కబుద్ధి కాలేదు. పంజాగుట్ట చౌరస్తా మీదుగా ఎండలో నడిచాడు. చేతికందిన ఉద్యోగం పోయినందుకు ఏడుపు రావాలి నిజానికి. రాలేదు సరికదా, అడుగులు ఇంకా గట్టిగా పడ్డాయి. ఈ సంగతి ముందు ఐలయ్యకే చెప్పాలనుకున్నాడు. శనివారం నోరు జారినందుకు ఆయన కాళ్ళు పట్టుకున్నా తప్పులేదనుకున్నాడు.

మూడంతస్తులూ పరుగున ఎక్కాడు.

“ఐలయ్యన్న ఏడి సార్?”

“పొద్దున్నే వెళ్ళిపోయాడయ్యా. జనగామలో ఏదో బళ్ళో కంప్యూటర్ టీచరుగా చేరుతున్నాడట. ఇక రాడు,” అన్నారు చక్రపాణి గారు. “అది సరే, నీ ఇంటర్వ్యూ ఏమైంది?”

జరిగిందంతా చెప్పాడు. చక్రపాణి గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

“ఇక నీకు చెప్పొచ్చు. తన సంగతి మీకెవ్వరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే మీరు నిజం రాయడానికి జంకుతారని ఆయన భయం.”

“ఏం సంగతి సార్?”

“నువ్వు ఇందాక వెళ్ళొచ్చిన కంపెనీలోనే తొమ్మిదేళ్ళు టెస్టింగ్ లీడ్‌గా చేసి, లాంగ్ ఆర్బిట్‌కి ఫెయిల్ అని రాసి, ఆ రాత మార్చనన్నందుకు కిందటేడు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఐలయ్యేనయ్యా.”