కొమ్ముల బొమ్మ

డ్రైవరు లేని బండ్లు కొండలెక్కడం మొదలై పదేళ్లయింది. వాటిలో మా కంపెనీ 'అడవిదున్న'దే పైచేయి. గెడ్డలో సగం మునిగినా ఆగకుండా ఆవలి ఒడ్డుకి చేరుతుంది. అదే పేరు పెట్టి చవక రకం చిన్న కార్లు అమ్మకూడదని మీటింగులో మొదట అన్నది నేనే. టార్గెట్ ఇవ్వగానే నోరు మూసుకున్నాను. ముందుభాగాన అడవిదున్నకుండే కొమ్ముల బొమ్మే అతికించి ఉంటే, అది చూపించి, "పెద్దదాని తోడబుట్టిందే" అని చెప్పి, పాడేరు పైనున్న ఒక గూడేనికి ఆ చిన్న కారొకటి అమ్మాను.

నేను సర్వీసుకి వెళ్లిన రోజే గూడెం పెద్ద సోమన్న కోడలికి నొప్పులొచ్చాయి. ఆమెను ఎక్కించుకుని బయల్దేరాం. స్పీకర్లోంచి, రికార్డు చేసి పెట్టిన పెద్దబండి ఇంజను గర్జన వినిపిస్తోంది. గెడ్డ దగ్గర బండి ఆగిపోయింది.

"ముందు నీళ్లున్నాయి. నేను సిటీ మోడల్‌ని. దయచేసి వేరే దారి చూడండి," అంది మర్యాదగా. గర్జన మాత్రం ఆగలేదు.

"నువ్వు చెప్తే వింటాదేమో, చెప్పు బాబూ," అన్నాడు సోమన్న.

చెప్పాను. బతిమాలాను. అదే జవాబు.

వాళ్లు వెదురుగెడకి దుప్పటి కట్టి, డోలీలో ఆమెను నడుంలోతు నీళ్లు దాటించారు. నేను ఒడ్డునే ఉండిపోయాను.

సాయంత్రం సోమన్న తిరిగొచ్చాడు. తల్లీబిడ్డా క్షేమమేనట. తిడతాడనుకున్నాను.

"బండి ఉండనీ బాబూ, సంతకి పనికొస్తాది. ఆ కొమ్ముల బొమ్మ మాత్రం ఊడదీసి పట్టుకుపో. దాన్ని చూసే కదా పిల్లని ఎక్కించీసాం."

గోరు పెట్టి లాగితే వచ్చేసింది. ఏ మూల పట్టుకోవాలో నాకు తెలుసు. షోరూములో అతికించింది నేనే.