గడ్డం ఉన్నాయన కొన్న రేజర్లు

తలుపు తీసేసరికి ఎదురుగా గుండెల దాకా గడ్డం పెంచుకున్న మనిషి.

"రేజర్లు అమ్ముతామన్నది మీరేనా అండీ? పొద్దున ఫోన్ చేశాను."

కట్టుడు పళ్లు తయారుచేసే టెక్నీషియన్‌కు నవ్వొచ్చింది. ఇంత గడ్డం పెట్టుకుని ఈయనకు రేజరెందుకు? అయినా లోపలికి రమ్మన్నాడు.

టెక్నీషియన్ ఈ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరకు వెళ్లిపోవాలి. అక్కడ ఆయనకు ఒక గది, బాత్‌రూములో ఒక అర.

"ఉన్నది ఒక్క గడ్డం నాన్నా. దానికి పన్నెండు రేజర్లా? ఒకటి ఉంచుకుని మిగతావి వదిలించుకో," అంది కూతురు.

బ్రష్షులు, సబ్బులు, గిన్నెలు ల్యాబులో తోటివాళ్లకు పంచేశాడు. రేజర్ల దగ్గరకు వచ్చేసరికి ఊరికే ఇవ్వడానికి చెయ్యి రాలేదు, అమ్ముతామని పేపర్లో వేయించాడు. ఆ పన్నెండూ పాత సామాన్ల కొట్లలో గాలించి భార్య ఏరి తెచ్చినవే. ఆమె పోయి ఏడాదయింది.

వచ్చినాయన ఒక రేజరు తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"పిడి మీద ఈ గులాబీ రంగు అతుకేమిటండీ?"

"పగిలితే నేనే అతికాను. పళ్ల సెట్టుకి చిగుళ్లు చేసే సరుకుతో."

"మీ ఆవిడ ఏమీ అనలేదా?"

"'మీ రేజరుకి చిగుళ్లొచ్చాయి, ఇంక మీ చెయ్యి కొరుకుతుంది చూడండి' అంది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. అడిగిన ధర ఇచ్చి, ఆ ఒక్కటే తీసుకుని వెళ్లాడు.

తరువాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. ఆ తరువాతి ఆదివారం కూడా.

వచ్చినప్పుడల్లా ఒక్కటే కొనేవాడు. కొనేముందు దాని సంగతంతా చెప్పించుకునేవాడు. ఆమె ఎక్కడ కొంది, ఏం బేరమాడింది, ఇంటికొచ్చి ఏమంది.

టెక్నీషియన్‌కు వారమంతా ఆదివారం మీదే ధ్యాస. ఆమె పేరెత్తితే కూతురు కళ్లు తుడుచుకుని మాట మార్చేస్తుంది. ల్యాబులో వాళ్లు పనిలో తల దూర్చేస్తారు. కూర్చుని వినే మనిషి ఈయనొక్కడే. వింటూ ఉంటే ఆమె వంటింట్లో ఉన్నట్టే ఉండేది.

ఎనిమిది ఆదివారాలు గడిచాయి. కూతురికి అనుమానం వచ్చింది.

"గడ్డం ఉన్నవాడికి ఎనిమిది రేజర్లెందుకు నాన్నా? వాడు వ్యాపారస్తుడు. అమ్మ కబుర్లు వింటున్నట్టు నటించి నిన్ను బుట్టలో వేసుకున్నాడు."

ఆ మాట ఆయన మనసులో ముల్లులా దిగింది. నటించాడా? ఆమె కబుర్లు వినడం కూడానా?

తొమ్మిదో ఆదివారం కుర్చీ చూపించకుండానే అడిగాడు.

"మీరెలాగూ గీసుకోరు. వీటిని ఏం చేస్తున్నారు?"

"నాకు బ్లేడు తగలకూడదండీ, తెగితే నెత్తురు ఆగదు. వేరేవాళ్ల కోసం."

"ఎవరికి అమ్ముతున్నారు?"

"అమ్మడం లేదు. అంతకన్నా అడక్కండి. ఈ సన్న పిడి రేజరు సంగతి చెప్పండి, నిలబడే వింటాను."

"సంగతులు అయిపోయాయి. ఇంక రాకండి."

ఆయన చేతిలోని రేజరు బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. మెట్ల దగ్గర ఒకసారి ఆగాడు.

"ఆవిడని నేను చూడలేదు. కానీ చూసినట్టే ఉందండీ," అని దిగిపోయాడు.

మరుసటి ఆదివారం టెక్నీషియన్ రెండు కప్పుల టీ పెట్టి, ఒకటి పారబోశాడు.

ఆ తరువాతి ఆదివారం వీధి చివరిదాకా వెళ్లి నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఇంట్లోకి వచ్చి, మిగిలిన నాలుగు రేజర్లూ ముందు పెట్టుకుని, ఒక్కొక్కదాని సంగతీ పైకే చెప్పుకున్నాడు. గోడలు నవ్వవు కదా.

ఆయన రాని నాలుగో ఆదివారం ఉండబట్టలేక, మొదట్లో ఆయన ఫోన్ చేసిన నంబరు వెతికి కలిపాడు.

"ఆస్పత్రి ఏడో వార్డండీ," అంది ఒక నర్సు.

టెక్నీషియన్ తడబడుతూ గడ్డం ఆయన ఆనవాళ్లు చెప్పాడు.

"రేజర్ల సార్ మీరేనా? ఒకసారి రాగలరా అండీ?"

నాలుగు రేజర్లూ గుడ్డలో చుట్టుకుని బయలుదేరాడు.

ఏడో వార్డులో దాదాపు అందరూ పక్షవాతంతో చెయ్యి ఎత్తలేనివాళ్లే. అందరి గడ్డాలూ మాసి ఉన్నాయి. ఎనిమిది మంచాల పక్కన, ఎనిమిది గ్లాసుల్లో, తన ఎనిమిది రేజర్లు.

మొదటి మంచం మీది ముసలాయన వంకరపోయిన మూతితోనే నవ్వాడు.

"నాది చిగుళ్లున్న రేజరు. ఇంతవరకూ కొరకలేదు సార్."

"నా రేజరు కోసం మీ ఆవిడ బస్సు దిగిపోయిందట కదా," అన్నాడు పక్కమంచం మీది ఒకప్పటి బస్సు డ్రైవరు. "తిరిగి నడిచొచ్చిందట, అంత ఎండలో. నేనైతే ఆపేవాణ్ని."

టెక్నీషియన్ ఆ మంచం అంచునే కూర్చుండిపోయాడు. ఏడాదిగా ఎవరూ పేరెత్తని తన భార్యని ఈ వార్డంతా ఎరుగును.

"ఈ సంగతి నాతో ఎందుకు చెప్పలేదు ఆయన?"

"చెబితే మీరు జాలిపడి అన్నీ ఒక్కసారే ఇచ్చేస్తారని," అన్నాడు డ్రైవరు. "మాకు వారానికో కబురు కావాలిగా. గీస్తూ చెప్పేవాడు."

టెక్నీషియన్ గుడ్డమూట విప్పి నర్సు ముందు పెట్టాడు.

"మిగిలినవి తెచ్చానమ్మా. ఆయన్ని క్షమించమని అడగాలి. మళ్లీ డ్యూటీకి ఎప్పుడొస్తారు?"

నర్సు కిటికీ పక్కన కొత్త దుప్పటి పరిచిన ఖాళీ మంచం వైపు చూసింది.

"ఆయనకిక్కడ డ్యూటీ ఎక్కడిదండీ, ఆ మంచం మీద మూడేళ్లున్న గుండె జబ్బు పేషెంటు, డాక్టరుగారు వారానికి రెండు గంటలే బయటికి పంపేవారు, మూడు వారాల కిందట కన్నుమూసేదాకా ఆ రెండు గంటలూ మీ ఇంటికే వచ్చారు."